బెల్లు మీద నుంచి వేలు తీసేదెవరు: ఒక ఎమ్యులేటర్‌లో ఇంటరప్ట్‌ల కేస్ స్టడీ

పాత కంట్రోలర్ ఒకటి. దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్ సోర్సు ఎవరి దగ్గరా లేదు, రాసినవాళ్ల జాడా లేదు. బోర్డులు ఒక్కొక్కటిగా చెడిపోతున్నాయి, స్పేర్లు దొరకడం లేదు. డిస్క్‌లో ఉన్న ఇమేజ్‌ని ఒక్క బైటు కూడా మార్చకుండా మామూలు సర్వర్ మీద, ఎమ్యులేటర్‌లో (ఆ పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్‌లో) నడపాలి. ఇదీ మాకు అప్పగించిన పని. గెస్ట్‌లో, అంటే లోపల నడిచే ఆ పాత సాఫ్ట్‌వేర్‌లో, వేలు పెట్టే అవకాశం లేదు కాబట్టి, ఎక్కడ తేడా వచ్చినా తప్పు మాదే, దిద్దుకోవాల్సింది మేమే.

పరికరం తన లైన్‌ను పైకి లేపి ప్రాసెసర్‌ను "ఇటు చూడు" అని పిలవడమే ఇంటరప్ట్. ఎవరు పిలిచారో ప్రాసెసర్‌కు చెప్పేది ఇంటరప్ట్ కంట్రోలర్. గెస్ట్ యంత్రం ఇలా ఉంటుంది: 32-బిట్ ఎక్స్86 ప్రాసెసర్, ఒకదాని వెనక ఒకటి తగిలించిన రెండు 8259ఎ ఇంటరప్ట్ కంట్రోలర్లు, 8254 టైమర్, 4వ లైన్ మీద 16550ఎ సీరియల్ పోర్టు, రెండో ఐడీఈ చానల్‌లో లాగ్ డిస్క్, పీసీఐ నెట్‌వర్క్ కార్డు, పీసీఐ మల్టీపోర్ట్ సీరియల్ కార్డు. ఈ రెండు పీసీఐ కార్డులూ 11వ లైన్‌నే పంచుకుంటాయి. ఎమ్యులేటర్ మేం సీ భాషలో రాసుకున్నది. గెస్ట్ ఇన్‌స్ట్రక్షన్లను బ్లాకులు బ్లాకులుగా హోస్ట్ (బయటి సర్వర్) కోడ్‌లోకి మార్చి నడిపిస్తుంది. ఇంటరప్ట్ వచ్చిందా లేదా అని ప్రతి బ్లాకు మొదట్లో ఒకసారి చూసుకుంటుంది.

బూట్ అయింది, స్క్రీన్ వచ్చింది, మెనూలన్నీ పనిచేశాయి. డెమో బాగా జరిగింది. అసలు కష్టాలు నిజమైన పరికరాలు తగిలించాక మొదలయ్యాయి.

ఫిర్యాదులు మూడు వచ్చాయి. మొదటిది: 4వ లైన్ మీది సీరియల్ పోర్టుకు తగిలించిన పరికరం అప్పుడప్పుడు "జవాబు రాలేదు" అని అలారం కొడుతోంది. రెండోది: మల్టీపోర్ట్ కార్డు మొత్తం ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది. మూడోది: గెస్ట్ గడియారం వెనకబడుతోంది. రెండో ఫిర్యాదు రాసిన ఆపరేటర్ చివర్లో ఒక మాట కలిపాడు: "సార్, పక్క మెషీన్ నుంచి పింగ్ కొడితే మళ్లీ కదులుతోంది. అందుకే పింగ్ విండో ఒకటి ఎప్పుడూ తెరిచే ఉంచుతున్నాం." ఆ వాక్యం విలువ మాకు అప్పుడు తెలియలేదు. నెట్‌వర్క్ కార్డు వేరు, సీరియల్ కార్డు వేరు, వీటికి సంబంధమేముందిలే అని పక్కన పెట్టేశాం. మూడు వారాలు అలా పోయాయి.

మొదటి ఫిర్యాదు నుంచి చెప్తాను. పరికరం 8 బైట్ల ప్రశ్న పంపుతుంది, 50 మిల్లీసెకన్ల లోపు జవాబు రాకపోతే అలారం. గెస్ట్ తన సీరియల్ ఫిఫోలో (వచ్చిన బైట్లు వరసగా ఆగే బఫర్‌లో) 8 బైట్లు చేరాకే ఇంటరప్ట్ వచ్చేలా పెట్టుకుంది. అంటే ఒక ప్రశ్నకు ఒకే ఒక్క ఇంటరప్ట్. హోస్ట్ మీద లోడ్ ఎక్కువై ఆలస్యం అవుతోందేమోనని మొదట అనుకున్నాం. కోర్లు కేటాయించాం, ప్రయారిటీ పెంచాం, ఏమీ మారలేదు. అప్పుడు అలారం కొట్టిన సందర్భాల్లో జవాబు అసలు ఎంతసేపటికి బయల్దేరిందో కొలిచాం. లోడ్ వల్ల వచ్చే ఆలస్యమైతే 20, 35, 70 అంటూ చెల్లాచెదురుగా ఉండాలి. ఇవన్నీ 54, 55 మిల్లీసెకన్ల దగ్గర గుమిగూడి ఉన్నాయి.

పీసీల మీద పనిచేసినవాళ్లు ఆ సంఖ్యను ఇట్టే గుర్తుపడతారు. 8254 టైమర్‌కు వచ్చే క్లాకు సెకనుకు దాదాపు 11,93,182 సార్లు కొట్టుకుంటుంది. దాన్ని 65,536తో భాగిస్తే సెకనుకు 18.2 టిక్‌లు (టైమర్ ఇంటరప్ట్‌లు), టిక్‌కీ టిక్‌కీ మధ్య 54.9 మిల్లీసెకన్లు. బయోస్ పెట్టిన ఆ లెక్కనే గెస్ట్ మార్చకుండా వాడుకుంటోంది. అంటే ప్రశ్న వచ్చి కూర్చున్నా, గెస్ట్ తర్వాతి టిక్ దాకా నిద్రపోతోంది.

నిద్ర అనగానే చూడాల్సింది ఐడిల్ లూప్‌నే, అంటే పని లేనప్పుడు గెస్ట్ తిరిగే లూప్‌ని. డిస్‌అసెంబ్లీలో అది చాలా చిన్నది: సీఎల్ఐతో ఇంటరప్ట్‌లు ఆపు, పని ఉందా అని ఫ్లాగ్ చూడు, ఉంటే వెళ్లి చెయ్యి, లేకపోతే ఎస్‌టీఐతో ఇంటరప్ట్‌లు తెరువు, హెచ్‌ఎల్‌టీతో పడుకో, లేచాక మళ్లీ మొదటికి రా. ప్రతి ఇంటరప్ట్ లైన్ కదలికనూ, ప్రతి డెలివరీనీ ఇన్‌స్ట్రక్షన్ లెక్కతో సహా రాసిపెట్టే లాగ్ పెట్టాక ఒక రాత్రి ఇది దొరికింది:

81,20,411: సీఎల్ఐ
81,20,412: ఫ్లాగ్ చదివింది, విలువ 0
81,20,413: 4వ లైన్ పైకి
81,20,414: ఎస్‌టీఐ
81,20,414: 4వ లైన్ డెలివరీ
81,20,502: ఐరెట్ (హ్యాండ్లర్ నుంచి వెనక్కి)
81,20,503: హెచ్‌ఎల్‌టీ

ఈ ఏడు లైన్లను ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో నాకే గుర్తులేదు. ఎస్‌టీఐ అయిన వెంటనే ఇంటరప్ట్ ఇచ్చాం. హ్యాండ్లర్ (ఇంటరప్ట్ వస్తే నడిచే గెస్ట్ కోడ్) వెళ్లి బైట్లు తీసుకుని, "పని ఉంది" అని ఫ్లాగ్ పెట్టి తిరిగొచ్చింది. ఎక్కడికి? హెచ్‌ఎల్‌టీ దగ్గరికి. ఫ్లాగ్ చూసే ఘట్టం ఎప్పుడో దాటిపోయింది. చేతిలో పని పెట్టుకుని గెస్ట్ నిద్రపోయింది.

నిజమైన ప్రాసెసర్‌లో ఇది జరగదు. ఇంటరప్ట్‌లు మూసి ఉన్నప్పుడు ఎస్‌టీఐ చేస్తే, దాని తర్వాతి ఒక ఇన్‌స్ట్రక్షన్ పూర్తయ్యేదాకా ప్రాసెసర్ ఇంటరప్ట్ తీసుకోదు. ఆ ఒక్క ఇన్‌స్ట్రక్షన్ నీడలోనే హెచ్‌ఎల్‌టీ నడుస్తుంది. ముందే వచ్చి కాచుకుని ఉన్న ఇంటరప్ట్, పడుకున్న ప్రాసెసర్‌ని వెంటనే లేపుతుంది. ఐరెట్ ఈసారి హెచ్‌ఎల్‌టీ తర్వాతకి వస్తుంది, లూప్ మళ్లీ ఫ్లాగ్ చూస్తుంది. ఈ జంటను ఇలా రాయడం వెనక ఉన్న నమ్మకం అదొక్కటే. మా ట్రాన్స్‌లేటర్ మాత్రం ఎస్‌టీఐ దగ్గర బ్లాకు ముగించేది, ఇంటరప్ట్ స్థితి మారింది కాబట్టి మెయిన్ లూప్‌కి వెళ్లి చూసుకోవాలని. అంటే నీడ ఉండాల్సిన చోటే మేం కావాలని తలుపు తెరిచాం.

ఆలస్యాలన్నీ 54, 55 దగ్గరే ఎందుకు ఉన్నాయో కూడా దీంతోనే తేలింది. గెస్ట్ ఐడిల్ లూప్‌లో తిరిగేది టిక్ పని ముగించి మళ్లీ పడుకోబోయే క్షణంలోనే. సరిగ్గా ఆ క్షణంలో ప్రశ్న వస్తే, తర్వాతి టిక్ దాకా దాదాపు పూర్తి విరామం మిగిలి ఉంటుంది.

సరిదిద్దడం సులువే అనుకుని ఎస్‌టీఐ తర్వాత మరో ఇన్‌స్ట్రక్షన్‌ను కూడా అదే బ్లాకులో కలిపేశాం. అలారాలు ఆగాయి. కానీ అది సగం పనే. ఎస్‌టీఐ ఒక బైటు, హెచ్‌ఎల్‌టీ ఒక బైటు. మొదటిది పేజీ చివరి బైటులో, రెండోది తర్వాతి పేజీ మొదటి బైటులో పడితే? మా బ్లాకులు పేజీ హద్దు దాటవు. అక్కడ బ్లాకు తెగిపోతుంది, నీడ మాయమవుతుంది. నీడ అనేది ట్రాన్స్‌లేటర్ అనువదించేటప్పుడు గుర్తుంచుకునే విషయం కాదు, ప్రాసెసర్ స్థితిలో భాగం. దాన్ని రిజిస్టర్లతో పాటు ఒక బిట్‌గా దాచి, బ్లాకు మొదట్లో చూసి, ఒక ఇన్‌స్ట్రక్షన్ అయ్యాక చెరిపేసేలా తిరగరాశాం. స్టాక్ సెగ్మెంట్ రిజిస్టర్‌ను మార్చే మూవ్, పాప్‌లకూ ఇలాంటి నీడే ఉంది. కొత్త సెగ్మెంట్‌కీ కొత్త స్టాక్ పాయింటర్‌కీ మధ్య ఇంటరప్ట్ దూరి పాడు స్టాక్ మీద రాయకుండా అది కాపాడుతుంది. దాన్నీ ఇదే దారిలోకి తెచ్చాం.

పేజీ హద్దు సంగతి మాకు అదృష్టం కొద్దీ దొరకలేదు. పరీక్ష రాసుకున్నాం కాబట్టి దొరికింది. ఎమ్యులేటర్ చేసేవాళ్లందరికీ ఈ పరీక్ష గురించి గట్టిగా చెప్పాలని ఉంది. మా ఎమ్యులేటర్ ఇన్‌స్ట్రక్షన్లు లెక్కపెట్టగలదు. అందుకని "సరిగ్గా ఎన్ ఇన్‌స్ట్రక్షన్ల తర్వాత ఈ లైన్‌ను పైకి లేపు" అని చెప్పే సదుపాయం పెట్టాం. చిన్న పరీక్ష గెస్ట్ రాసి, దాన్ని ఎన్ = 1 నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే పెంచుతూ మళ్లీ మళ్లీ నడుపుతాం. ఐడిల్ లూప్‌లోని ప్రతి ఇన్‌స్ట్రక్షన్ హద్దు మీదా ఇంటరప్ట్ ఒక్కసారైనా పడి తీరుతుంది. తర్వాత అదే కోడ్‌ను ఒక్కో బైటు జరిపి మళ్లీ. ఒత్తిడి పరీక్షలో నెలకోసారి కనబడే బగ్, ఇందులో ప్రతిసారీ ఒకే ఎన్ దగ్గర కనబడుతుంది. టెన్షన్ సగం తగ్గేది అక్కడే.

ఇక పింగ్.

మొదటి బగ్ పోయినా మల్టీపోర్ట్ కార్డు బిగుసుకుపోవడం ఆగలేదు. కొత్త లాగ్ చేతిలో ఉంది కదా అని ఆ క్షణాన్ని పట్టుకున్నాం. నెట్‌వర్క్ కార్డు 11వ లైన్‌ను పైకి లేపింది. గెస్ట్ వచ్చి ముందు సీరియల్ హ్యాండ్లర్‌ను దాటేసింది, అప్పటికి అందులో ఏమీ లేదు. లైన్ ఇంకా పైనే ఉండగా సీరియల్ కార్డు కూడా లేపింది. నెట్‌వర్క్ కార్డు పని ముగించింది. నెట్‌వర్క్ కార్డు తన వంతుగా లైన్‌ను కిందికి దించింది. మా కోడ్‌లో లైన్ అంటే ఒకటే వేరియబుల్. చివర రాసినవాడిదే మాట. సీరియల్ కార్డు ఇంకా పిలుస్తూనే ఉంది, కానీ ఆ పిలుపును పక్కవాడు చెరిపేశాడు. సీరియల్ కార్డు దృష్టిలో తను ఇప్పటికే పిలిచేసింది, ఎవరో రావాలి. కంట్రోలర్ దృష్టిలో ఎవరూ పిలవడం లేదు. ఇలా ఎంతకాలమైనా గడిచిపోతుంది.

పింగ్ వస్తే? నెట్‌వర్క్ కార్డు మళ్లీ లైన్ లేపుతుంది, గెస్ట్ ఆ లైన్ మీదున్న హ్యాండ్లర్లన్నిటినీ వరసగా పిలుస్తుంది, సీరియల్ కార్డు వంతు వస్తుంది, ప్రాణం లేచి వస్తుంది. ఆపరేటర్ మొదటిరోజే మాకు చేతిలో పెట్టిన జవాబు అది.

పీసీఐ ఇంటరప్ట్ లైన్ లెవెల్ పద్ధతిలో పనిచేస్తుంది. దాన్ని పంచుకున్నవాళ్లలో ఒక్కరు పట్టుకుని ఉన్నా లైన్ చురుగ్గా ఉన్నట్టే. అందరూ వదిలితేనే దిగుతుంది. సరిదిద్దడానికి ఒక్కో డివైస్‌కు ఒక్కో బిట్ ఇచ్చి, లైన్ విలువను ఆ బిట్లన్నిటి ఆర్‌గా (ఒక్కటి 1 అయినా ఫలితం 1) లెక్కగట్టాం. గెస్ట్ ఈఓఐ (ఈ ఇంటరప్ట్ పని అయిపోయిందని కంట్రోలర్‌కు చెప్పే కబురు) పంపిన ప్రతిసారీ లైన్‌ను మళ్లీ చూసి, ఇంకా పైనే ఉంటే మళ్లీ ఇంటరప్ట్ ఇస్తాం. లైనక్స్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే కేవీఎం కూడా ఒక్కో లైన్‌కు ఎవరెవరు పట్టుకున్నారో బిట్‌మ్యాప్‌లో దాచుకుంటుంది. చేయాల్సింది ముందే తెలిసి ఉండాల్సింది.

అప్పుడే మా తప్పుకు ఒక రూపం కనబడింది. మేం ఇంటరప్ట్‌ను ఉత్తరంలా చూశాం: ఒకరు పంపుతారు, ఒకరు అందుకుంటారు, అయిపోయింది. హార్డ్‌వేర్‌లో అది ఉత్తరం కాదు, బెల్లు మీద ఆనించి ఉంచిన వేలు. ఎవరు ఆనించారు, ఎప్పుడు తీస్తారు, తలుపు తెరిచేలోపు తీసేస్తే ఏమవుతుంది, ఈ మూడు ప్రశ్నలకూ ప్రతి డివైస్ దగ్గరా జవాబు ఉండాలి. మాకు మొదటి దానికే అరకొర జవాబుంది.

మూడో ప్రశ్న వెంటనే ఎదురుపడింది. బిగుసుకుపోవడం ఆగాక లాగ్ డిస్క్ అప్పుడప్పుడు కారణం లేకుండా రీసెట్ అవుతోందని తెలిసింది. రెండో ఐడీఈ చానల్ అంటే 15వ లైన్. డిస్క్ ఆ లైన్‌ను కదపలేదని లాగ్ చెప్తోంది, కానీ గెస్ట్‌కు 15వ ఇంటరప్ట్ వెళ్తోంది. డ్రైవర్ వచ్చి చూసేసరికి డిస్క్ బిజీ. పని పూర్తయిందన్న కబురు వచ్చింది, పని మాత్రం పూర్తికాలేదు. ఏదో తేడా అని రీసెట్ కొడుతోంది.

ఇది 8259ఎ స్పెసిఫికేషన్‌లో ఉన్న విషయమే. ప్రాసెసర్ "ఎవరు పిలిచారు?" అని అడిగే లోపు పిలిచినవాడు లైన్ దించేస్తే, కంట్రోలర్ ఏదో ఒక నంబరు చెప్పాలి కాబట్టి తన 7వ నంబరు చెప్తుంది. స్పూరియస్ ఇంటరప్ట్ అంటారు దీన్ని. అలా చెప్పేటప్పుడు ఇన్-సర్వీస్ రిజిస్టర్‌లో (ఏ పిలుపు పని నడుస్తోందో కంట్రోలర్ రాసుకునే చోట) 7వ బిట్ పెట్టకూడదు. ఆ బిట్ లేకపోవడం చూసే గెస్ట్ "ఇది ఉత్తుత్తి పిలుపు" అని గ్రహిస్తుంది. రెండో కంట్రోలర్ 7వ పిన్ అంటే మొత్తం మీద 15వ లైన్. అక్కడ ఉత్తుత్తి పిలుపు వస్తే గెస్ట్ మొదటి కంట్రోలర్‌కు మాత్రమే ఈఓఐ పంపాలి, ఎందుకంటే దాని 2వ బిట్ మాత్రం నిజంగానే పడుతుంది. మా గెస్ట్ ఇదంతా సరిగ్గానే చూసుకుంటోంది. మేమే బిట్ పెట్టి అబద్ధం చెప్పాం.

బిట్ సంగతి కోడ్‌లో ఒక్క వరస మార్పుతో పోయింది. కానీ ఉత్తుత్తి పిలుపులు అన్ని ఎందుకు వస్తున్నాయి? ఇంటరప్ట్‌లు మూసి ఉన్న సమయంలో గెస్ట్ నెట్‌వర్క్ కార్డు స్టేటస్‌ను తనే చదివేస్తోంది. చదవగానే కార్డు 11వ లైన్ దించేస్తుంది. రెండో కంట్రోలర్ కూడా మొదటిదాని 2వ పిన్‌ను దించేస్తుంది. ఆ 2వ పిన్ మాత్రం ఎడ్జ్ పద్ధతిలో (లైన్ కింది నుంచి పైకి లేవడాన్ని పిలుపుగా చూసే పద్ధతిలో) ఉంది, దాన్ని లెవెల్‌కు మార్చే వీలు ఆ యంత్రంలో లేదు. ఎడ్జ్ అంటే ఒకసారి పైకి లేస్తే చాలు, గుర్తుండిపోతుంది అని మేం రాసుకున్నాం. అందుకే 11 దిగిపోయినా మొదటి కంట్రోలర్ ఇంకా పిలుస్తూనే ఉండేది. ఇంటరప్ట్‌లు తెరవగానే ప్రాసెసర్ వచ్చి అడిగేది, రెండో కంట్రోలర్ దగ్గర ఎవరూ ఉండేవారు కాదు, 15 అని చెప్పేది. నిజమైన 8259ఎలో ఎడ్జ్ పద్ధతిలోనూ ప్రాసెసర్ అడిగేదాకా లైన్ పైనే ఉండాలి. దించితే పిలుపు పోతుంది. అలాగే మార్చాం.

మార్చిన పది నిమిషాలకు గెస్ట్ బూట్ కావడమే మానేసింది. టైమర్ టిక్ ఒక్కటీ రాలేదు.

కారణం తెలిశాక నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన భాగం ఇదే. మా 8254 కోడ్ ప్రతి టిక్‌కూ లైన్‌ను లేపి, ఆ వెంటనే, కాలం కదలకుండానే దించేది. కంట్రోలర్ తప్పుగా గుర్తుంచుకున్నంతకాలం అది పనిచేసింది. ఒక తప్పు ఇంకో తప్పును మోసింది. అసలు చిప్‌లో 3వ మోడ్‌లో అవుట్‌పుట్ సగం కాలం పైన, సగం కాలం కింద ఉంటుంది. 65,536 లెక్కకు దాదాపు 27.5 మిల్లీసెకన్లు పైనే. 2వ మోడ్‌లో అయితే ఒక్క క్లాకు, అంటే 838 నానోసెకన్లు మాత్రమే కింద ఉండి మళ్లీ పైకి లేస్తుంది. వేలు ఆనించి ఉంచడమే ఎక్కువ. అవుట్‌పుట్‌ను అలా నిలకడగా లెక్కగట్టాక టిక్‌లు వచ్చాయి.

దాంతో కూర్చుని ప్రతి డివైస్‌కూ రెండో ప్రశ్న వేశాం: వేలు తీసేది ఎప్పుడు? కీబోర్డు కంట్రోలర్ అయితే గెస్ట్ డేటా పోర్టు చదివినప్పుడు. ఆర్‌టీసీ (గడియారం చిప్) అయితే రిజిస్టర్ సీ చదివినప్పుడు. చదవకపోతే ఇంకో ఇంటరప్ట్ రాదు. ఐడీఈ డిస్క్ అయితే స్టేటస్ రిజిస్టర్ చదివినప్పుడు. ఆల్టర్నేట్ స్టేటస్ చదివితే మాత్రం దిగకూడదు, అది ఉన్నదే అందుకు. అన్నిటికంటే మెలిక ఉన్నది 16550ఎ. డేటా వచ్చిందన్న ఇంటరప్ట్ డేటా చదివితే పోతుంది, లైన్ ఎర్రర్‌దైతే లైన్ స్టేటస్ చదివితే పోతుంది, పంపే బఫర్ ఖాళీ అన్నదైతే ఇంటరప్ట్ గుర్తింపు రిజిస్టర్ చదివినా చాలు. పైగా బఫర్ ఖాళీగా ఉన్నప్పుడు గెస్ట్ ఆ ఇంటరప్ట్‌ను ఎనేబుల్ చేస్తే అప్పటికప్పుడు రావాలి. కొన్ని చిప్‌లు ఇక్కడ తప్పుతాయని లైనక్స్ సీరియల్ డ్రైవర్ మొదట్లోనే పరీక్షించి చూసుకుంటుంది.

గడియారం సంగతి వేరే తరహా. ఇక్కడ నిజమైన హార్డ్‌వేర్‌ను ఉన్నదున్నట్టు అనుకరిస్తే చాలదు. కంట్రోలర్‌లో ఒక లైన్‌కు ఒకటే బిట్. హోస్ట్ మమ్మల్ని 200 మిల్లీసెకన్లు పక్కన పెడితే మూడు టిక్‌లు ఒకటిగా కలిసిపోతాయి. నిజమైన యంత్రంలో ప్రాసెసర్‌ను ఎవరూ అలా పక్కన పెట్టరు కాబట్టి అక్కడ ఈ సమస్యే లేదు. వర్చువల్ మెషీన్లను నిర్వహించే లిబ్‌వర్ట్‌లో దీనికి నాలుగు పాలసీలు ఉన్నాయి: డిలే, క్యాచప్, మెర్జ్, డిస్కార్డ్. మేం క్యాచప్ (తప్పిన టిక్‌లను తర్వాత వేగంగా ఇచ్చి అందుకోవడం) ఎంచుకున్నాం, ఒక షరతుతో. బాకీ పడ్డ టిక్‌లను విడిగా ఇరికించం, బాకీ తీరేదాకా 8254 క్లాకునే రెట్టింపు వేగంతో నడుపుతాం. గెస్ట్ చిన్నచిన్న విరామాలు కొలవడానికి అదే టైమర్ కౌంటర్‌ను చదువుతుంది. టిక్‌లు ఒక మాట, కౌంటర్ ఇంకో మాట చెప్తే అంతకంటే పెద్ద గొడవ. ఈ గెస్ట్ ప్రాసెసర్ లోపలి టైమ్ స్టాంప్ కౌంటర్ వాడదు కాబట్టి ఇది కుదిరింది. అది వాడే గెస్ట్ అయితే ఈ దారి వద్దనే చెప్తాను.

తర్వాత వేగం కోసం ట్రాన్స్‌లేటర్ స్థానంలో వీటీ-ఎక్స్ (ఇంటెల్ ప్రాసెసర్‌లోనే ఉన్న వర్చువలైజేషన్ సదుపాయం) వాడుకున్నాం. నీడ బిట్‌ను అక్కడ ప్రాసెసరే చూసుకుంటుంది, ఇంటరప్ట్‌లు తెరవగానే చెప్పమంటే చెప్తుంది. ఒక్కటి మాత్రం మా మీదే ఉంటుంది. కంట్రోలర్‌ను అడిగి నంబరు తీసుకున్నాక, దాన్ని గెస్ట్‌కు అందించే మధ్యలో స్టాక్ పేజీ అందుబాటులో లేనందువల్ల ఎగ్జిట్ అయితే (గెస్ట్ ఆగి పగ్గాలు మా చేతికొస్తే), ఆ ఇంటరప్ట్ ప్రాసెసర్ రాసిపెట్టే ఐడీటీ-వెక్టరింగ్ ఫీల్డ్‌లో మిగిలి ఉంటుంది. దాన్నే మళ్లీ ఇంజెక్ట్ చేయాలి. కంట్రోలర్‌ను మళ్లీ అడగకూడదు, ఎందుకంటే అది ఒకసారి ఇచ్చేసింది. ఒకసారి పరీక్షలో మేం మళ్లీ అడిగాం, ఒక టిక్ గల్లంతైంది. ఎన్ పెంచుకుంటూ పోయే పరీక్షే దాన్నీ పట్టింది.

ఇప్పుడు ఆ పరీక్ష ప్రతి రాత్రీ నడుస్తుంది. డివైస్ కోడ్‌లో ఎవరు మార్పు చేసినా, లైన్ దించే షరతు ఏంటో పక్కనే కామెంట్‌లో రాయనిదే రివ్యూలో ఒప్పుకోం. కొత్త వెర్షన్ పెట్టిన రెండు వారాలకు ఆపరేటర్‌కు ఫోన్ చేసి పింగ్ విండో మూసేయమని అడిగాను. కాస్త తటపటాయించాడు. సాయంత్రం దాకా ఉంచి, ఆ తర్వాత మూసేశాడు. మల్టీపోర్ట్ కార్డు మళ్లీ ఆగలేదు.